పారణ లేని ఉపవాసం

మా పిన్ని చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదట చూసింది ఆమె కూతురే. రెండేళ్ళ తర్వాత అమెరికా నుంచి తెనాలి వచ్చింది మా చెల్లెలు. రోజూ వీడియో కాల్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ ఫోన్లో కనిపించేది ముఖం ఒక్కటే, అదీ పిన్ని దీపం కింద కుర్చీ వేసుకుని, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని కూర్చున్నాక. గుమ్మంలో వాటేసుకున్నప్పుడు వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయట. ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ అన్నం తినట్లేదే. ఎన్నాళ్ళ నుంచో ఏమో. ఎవరూ చూడట్లేదు" అంది.

ఆ వారమే నేనూ వెళ్ళాను. గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, చారు, గడ్డపెరుగు. కొసరి కొసరి వడ్డించింది పిన్ని. "ఏం తింటావే నువ్వు, ఇంకో ముద్ద పెట్టుకో" అని నన్నే కేకలేసింది. "నువ్వూ కూచో పిన్నీ" అంటే, "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాలే" అంది. మేం లేచాం. తను మజ్జిగలో ఇంత ఉప్పేసుకుని సగం గ్లాసు తాగి, గిన్నెలు సర్దేసింది. రెండు పక్కలా కుట్లు లోపలికి వేయించిన జాకెట్టు, అది కూడా చాలక పిన్నీసు. మే నెలలో, తెనాలిలో, ఫ్యాను కింద కూర్చుని ఒంటి చుట్టూ శాలువా కప్పుకుంది.

పిన్నికి అప్పుడు యాభై రెండేళ్ళు. ఇది రాయడానికి ఆమె ఒప్పుకుంది కాబట్టే రాస్తున్నాను.

మన ఇళ్ళలో అందరి కంచాల్లోకీ అమ్మ చూస్తుంది. అమ్మ కంచంలోకి చూసేవాళ్ళు ఉండరు. ఆమె తినేది అందరూ లేచాక, వంటింట్లో, చాలాసార్లు గిన్నెలోనే. తినకపోయినా తెలియదు, అర్ధరాత్రి లేచి డబ్బాలు ఖాళీ చేసినా తెలియదు. తిండికి సంబంధించిన మానసిక జబ్బులు మధ్యవయసు స్త్రీలలో ఇన్నాళ్ళు దాక్కోగలిగాయంటే ఈ అలవాటుకి అందులో పెద్ద వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

దాక్కోవడానికి ఇంకో చోటు ఉపవాసం. పిన్నికి మొదట్నుంచీ శనివారాలు ఉండేవి. తర్వాత సోమవారం చేరింది. ఆ తర్వాత ఏకాదశులు, ఆపైన గురువారం. ఒక కార్తీకమాసం మొదలుపెట్టిన ఒంటిపూట భోజనం మాఘం వచ్చినా ఆగలేదు. చుట్టాలంతా "ఎంత నిష్ఠో" అని మెచ్చుకున్నారు. బాబాయి గర్వపడ్డాడు. ఉపవాసాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా అమ్మమ్మ ఎనభై ఏళ్ళ దాకా ఏకాదశి ఉంది. ద్వాదశి తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, అవిసాకు కూరతో పారణ చేసేది. ఆ పూట అన్నం ఆమె ఎంత ఇష్టంగా తినేదో నాకు గుర్తుంది. ఉపవాసానికి ముగింపు ఉంటుంది. దాన్ని ముగించడం కూడా వ్రతంలో భాగమే. పిన్ని ఉపవాసాలకు పారణ లేకుండా పోయింది. ఒకటి ముగిసే రోజుకి ఇంకొకటి సిద్ధంగా ఉండేది. తినాల్సిన రోజు వచ్చేసరికి ఆమె ముఖంలో సంతోషానికి బదులు భయం కనిపించేది. తేడా అక్కడుంది.

ఇలా తిండి మానేసి చిక్కిపోయే జబ్బుకి 'ఎనొరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టింది లండన్ వైద్యుడు విలియం గల్. 1873లో ఆయన దాన్ని వర్ణించాడు, ఆ ఏడాదే పారిస్‌లో షార్ల్ లాసెగ్ కూడా ఇలాంటి రోగుల గురించే రాశాడు. గల్ చూసిన రోగుల్లో ఎక్కువమంది పదహారు నుంచి ఇరవై మూడేళ్ళ లోపు ఆడపిల్లలు. ఆ బొమ్మ వైద్యపుస్తకాల్లో నూరేళ్ళకు పైగా అలాగే నిలిచిపోయింది. జబ్బు నిర్ధారణకి అమెరికన్ మనోవైద్యుల సంఘం రాసుకున్న నియమాల్లో 2013 దాకా ఒకటుండేది: నెలసరి వరుసగా మూడుసార్లు రాకపోవాలి. ముట్లుడిగే వయసులో ఉన్న మనిషికి ఆ నియమం ఏం పనికొస్తుంది? నెలసరి ఆగితే వయసు వల్ల అనుకుంటారు. 2013లో ఆ నియమాన్ని తీసేశారు. అదే ఏడాది, అదుపు తప్పి అతిగా తినే 'బింజ్ ఈటింగ్'ను కూడా విడిగా ఒక జబ్బుగా గుర్తించారు. తిన్నది కక్కేసే 'బులీమియా'కు పేరు వచ్చింది 1979లో, జెరాల్డ్ రస్సెల్ వల్ల. ఈ మూడింటిలో మధ్యవయసులో ఎక్కువగా కనిపించేది ఎముకలు తేలే ఎనొరెక్సియా కాదు. ఒళ్ళు చేసినవాళ్ళలోనూ, మామూలు బరువున్నవాళ్ళలోనూ, మగవాళ్ళలోనూ ఈ జబ్బులుంటాయి. ఒంటిని చూసి లేదనుకోకూడదు.

లెక్కలు తీయడం మొదలుపెట్టాక వయసు గురించిన నమ్మకం కదిలింది. ఇంగ్లండులో బ్రిస్టల్ చుట్టుపక్కల 1990ల మొదట్లో గర్భిణులుగా ఉన్న వేలమంది స్త్రీలను పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. వాళ్ళు నలభైలు, యాభైల్లోకి వచ్చాక అయిదు వేలమందికి పైగా స్త్రీలను తిండి గురించి అడిగారు. 2017లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం నూటికి 15 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి జబ్బు వచ్చింది. గడిచిన పన్నెండు నెలల్లో ఉన్నవాళ్ళే నూటికి మూడున్నర మంది. కొందరికి అది చిన్నప్పటి నుంచీ వదల్లేదు. కొందరికి పోయి మళ్ళీ వచ్చింది. నలభై దాటాక మొదటిసారి వచ్చినవాళ్ళూ ఉన్నారు. జబ్బున్నవాళ్ళలో ఎప్పుడైనా ఎవరి సాయమైనా అడిగినవాళ్ళు మూడోవంతు కూడా లేరు.

పిన్నిది ఏ కోవ? మా అమ్మని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు పిన్ని చిక్కి సగమైపోయిందట. ఇంటికి తీసుకొచ్చి దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, టానిక్కులు పట్టించారు. ఏడాదికి కాస్త తేరుకుంది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, అంతా మర్చిపోయారు. హాస్టలు రోజులు గడిచి ముప్పై ఏళ్ళు దాటాక కూతురు విమానం ఎక్కింది. అదే సమయంలో నెలసరి గతి తప్పింది, రాత్రిళ్ళు ఒంట్లోంచి వేడి ఆవిర్లు, నిద్ర లేదు, నడుం చుట్టూ మునుపు లేని కొవ్వు. రక్తపరీక్షలో షుగర్ అంచుమీద ఉందని తేలింది. "అన్నం తగ్గించండమ్మా" అని డాక్టరు గారు చెప్పారు. ఆ సలహాలో తప్పు లేదు. ఆమె తగ్గించింది. మొదటి మూడు కిలోలు తగ్గినప్పుడు ఎదురింటావిడ నుంచి వాట్సాప్ గ్రూపు దాకా అందరూ "ఏం చేశావో మాకూ చెప్పవా" అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఆమెను ఎవరో గమనించారు, అది కూడా తగ్గినందుకు.

యుక్తవయసులో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పెరుగుతుంది, ముట్లుడిగే ముందు ఏళ్ళలో అది ఒడిదుడుకులు పడి తగ్గిపోతుంది. ఈ హార్మోను ఒక్క గర్భాశయంతోనే ఆగదు. మెదడులో ఆకలిని నడిపే హైపోథాలమస్ మీద, మనసు తీరు మీద కూడా పనిచేస్తుంది. ఒళ్ళు రూపు మారిపోయే కాలాలు ఆడవాళ్ళ జీవితంలో ఇవి రెండూ. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ పరిశోధకులు నెలసరి సక్రమంగా వస్తున్నవాళ్ళతో పోలిస్తే ముట్లుడిగే దశలో ఉన్నవాళ్ళలో ఈ జబ్బులు ఎక్కువని గమనించారు. దీనికి పుట్టుకతో వచ్చే మొగ్గు కూడా తోడవుతుంది. 2019లో పదిహేడు వేలమంది దాకా రోగుల జన్యువుల్ని పరిశీలించి, ఎనొరెక్సియాతో ముడిపడిన ఎనిమిది చోట్లను గుర్తించారు. ఆ జన్యువుల్లో కొన్నిటికి ఆందోళన, చాదస్తం లాంటి మనోలక్షణాలతో సంబంధం ఉంటే, కొన్నిటికి ఒంట్లో కొవ్వు, చక్కెర ఖర్చయ్యే తీరుతో సంబంధం ఉంది. "మొండితనం", "చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అనే మాటలు ఇది చదివేవాళ్ళు ఇక వాడరని ఆశిస్తాను.

పిన్నింట్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఒక చిన్న సంగతి. రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచాను. హాల్లో చీకట్లో పిన్ని ఫోను వెలుగు. యూట్యూబులో ఎవరో అరిసెలు వత్తుతున్నారు. శబ్దం తగ్గించి, కళ్ళార్పకుండా చూస్తోంది. పక్కన ఒక నోటు పుస్తకం. పులిహోరలో పది రకాలు, కాజాలు, గోంగూర మాంసం, ఆమె ఎన్నడూ వండని బిర్యానీలు, కొలతలతో సహా ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసుకుంది.

దీన్ని నేను ఇంతకుముందే చదివాను. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం ముగిసేసరికి ఐరోపా నిండా ఆకలితో మాడినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలియాలి. యుద్ధంలో ఆయుధం పట్టనన్న యువకుల్లోంచి 36 మంది ముందుకొచ్చారు. శరీరంలో, మనసులో ఏ లోపమూ లేదని పరీక్షించి మరీ తీసుకున్నారు. విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియం కింది గదుల్లో వాళ్ళ మకాం. మొదట కొన్ని వారాలు కడుపునిండా పెట్టారు, ఆ తర్వాత 24 వారాలు దాదాపు సగం తిండి. ఒంటి బరువులో నాలుగోవంతు తగ్గింది.

బరువు తగ్గడం అనుకున్నదే. మనసుకి జరిగింది ఎవరూ అనుకోనిది. వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంట పుస్తకాలు కొని పోగేసుకున్నారు. పెట్టిన కొంచెమే గంటల తరబడి కెలుకుతూ, నీళ్ళు కలుపుతూ, పళ్ళాలు నాకుతూ తిన్నారు. వేసవిలో చలికి వణికారు. గుండె నెమ్మదించింది. సరదా మనుషులు ముభావంగా మారారు, స్నేహితుల్ని తప్పించుకు తిరిగారు, చిన్నదానికే మండిపడ్డారు. తిండి మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాక కూడా చాలామంది మనసు కుదుటపడటానికి నెలలు పట్టింది. కీస్ బృందం ఇదంతా 1950లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేసింది.

ఆ 36 మందికీ ముందు ఏ మానసిక జబ్బూ లేదు. శాలువా, రాత్రి వంటల వీడియోలు, నోటు పుస్తకం, కొసరి వడ్డించడం, కూతురు మీద విసుక్కోవడం, ఇవన్నీ పిన్ని స్వభావమని మేం అనుకున్నాం. అవి ఆకలి లక్షణాలు. కడుపుకి అందకపోతే మెదడే మారుతుంది. మారిన ఆ మెదడుతోనే మనం వాదించి గెలవాలని చూస్తాం. 'కాస్త తినొచ్చుగా' అన్న మాట ఆమె దాకా ఎందుకు చేరదో నాకు అప్పుడు అర్థమైంది.

మిన్నెసోటా కుర్రాళ్ళకి తిండి దొరికితే తినాలని ఉంది. ఎనొరెక్సియాలో తినాలంటేనే భయం. ఆకలి పుట్టించే హార్మోను గ్రెలిన్ ఈ రోగుల రక్తంలో తక్కువగా ఉండదు, ఎక్కువగా ఉంటుంది. ఆకలి కేక వినబడుతూనే ఉంటుంది, మనిషి లేవదు. కొందరికి తినకపోవడం వల్ల లోపలి ఆందోళన కాసేపు సద్దుమణుగుతుంది. ఆ ఊరటకు మెదడు అలవాటుపడుతుంది.

పిన్ని ఎన్నడూ "లావైపోతాను" అనలేదు. "సయించట్లేదమ్మా", "రెండు ముద్దలు తింటే కడుపు ఉబ్బరం", "గ్యాస్" అనేది. లావు భయం లేకపోతే ఈ జబ్బు కాదని చాలాకాలం అనుకున్నారు. హాంకాంగ్ మనోవైద్యుడు సింగ్ లీ 1990లలో చూపించాడు: అక్కడి రోగుల్లో చాలామంది లావు ఊసే ఎత్తరు, ఉబ్బరం అంటారు, ఆకలి లేదంటారు. మన దేశంలోనూ వైద్యులు ఇలాంటివాళ్ళను చూసి రాశారు. పైగా ఆ ఉబ్బరం అబద్ధం కాదు. తిండి తగ్గేకొద్దీ జీర్ణాశయం కదలికలు నెమ్మదిస్తాయి, తిన్న రెండు ముద్దలూ గంటలపాటు అక్కడే ఉంటాయి. ఆకలి వల్ల ఉబ్బరం, ఉబ్బరం వల్ల ఆకలి. పిన్ని ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు మింగింది.

యాభైలో ఈ జబ్బు ఇరవైలో కన్నా గట్టిగా కొడుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు ఎలాగూ పలచబడుతున్న కాలం అది. దానికి పస్తు తోడైతే బాత్రూములో కాలుజారడం కూడా తుంటి విరగడంతో ముగియవచ్చు. కక్కే అలవాటు, విరేచనాల మందులు, నీరు లాగే మాత్రలు ఉంటే రక్తంలో పొటాషియం పడిపోతుంది. గుండె లయ తప్పుతుంది. బీపీకి, షుగర్‌కి అప్పటికే మందులు వాడుతున్న ఒంటికి ఇది ఇంకా ప్రమాదం. కక్కేవాళ్ళలో పై పళ్ళ లోపలి వైపు ఎనామిల్ కరిగిపోతుంది, చెవుల కింద లాలాజల గ్రంథులు ఉబ్బుతాయి. ఇంట్లోవాళ్ళకంటే ముందు పళ్ళ డాక్టరు పసిగట్టిన కేసులున్నాయి.

ఇంకోమాట, దీన్ని కొంచెం గట్టిగానే చెబుతాను. మన దగ్గర యాభై ఏళ్ళ మనిషి చిక్కిపోతుంటే ముందే మానసికమని తేల్చేయకూడదు. క్షయ, షుగర్, థైరాయిడ్, పేగుల జబ్బు, క్యాన్సర్, డిప్రెషన్, వాడే మందుల ప్రభావం, అన్నీ చూడాలి. అలాగే రిపోర్టులన్నీ నార్మల్ వస్తే "ఏమీ లేదు" అనుకోకూడదు. శరీరం చివరి దాకా రక్తంలోని లెక్కలు సరిచూసుకుంటూ వస్తుంది, తీవ్రంగా చిక్కినవాళ్ళ రిపోర్టులు కూడా చాలాసార్లు బాగానే ఉంటాయి. పిన్నిని మొదట తీసుకెళ్ళిన చోట అదే జరిగింది. కాగితాలు చూసి "అన్నీ బావున్నాయి, బలానికి తినండి" అని పంపేశారు. నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, లేచి నిలబడితే బీపీ ఎంత పడుతోందో ఎవరూ చూడలేదు. రెండోచోట ఇసిజి తీశాక గానీ గుండె ఎంత నెమ్మదించిందో తెలియలేదు.

ఆ రెండోచోటికి తీసుకెళ్ళడానికి నాలుగు వారాలు పట్టింది. మా చెల్లెలు మొదటి రాత్రే ఫోన్లో చదివినదంతా పిన్ని ముందు పెట్టింది, భోజనాల దగ్గర, బాబాయి ఎదురుగా. పిన్ని లేచి వెళ్ళి తలుపేసుకుంది. "నన్ను పిచ్చిదాన్నంటున్నావా" అన్న మాట తలుపు వెనకనుంచి వినపడింది. మూడురోజులు మాటల్లేవు. తర్వాత ఒక సాయంత్రం, పెరట్లో మల్లెమొగ్గలు కోస్తూ, మా చెల్లెలు తిండి మాటే ఎత్తకుండా అడిగింది: "అమ్మా, మొన్న దేవుడి గదిలో కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నావు కదా. నాకు భయమేసింది. నీకు భయంగా లేదా?" పిన్ని చాలాసేపటికి అంది: "రాత్రిళ్ళు గుండె ఆగిపోతుందేమోననిపిస్తుందే. ఎవరికి చెప్పను?"

బరువు, అందం, ఎంత తిన్నావు అన్నవి వాదనకి దారితీస్తాయి. చలి, కళ్ళు తిరగడం, నిద్ర, ఒంటరితనం ఆమె నిజంగా పడుతున్న బాధలు. వాటి గుండా మాట లోపలికి వెళ్తుంది. భోజనాల దగ్గర అసలు ఎత్తకూడదు. "ఇప్పుడు కళగా ఉన్నావు" అని మెచ్చుకున్నా 'లావయ్యావు' అనే వినపడుతుంది, అందుకే ఒంటి మీద వ్యాఖ్యలే వద్దు. ఎక్కడికి వెళ్ళాలో తోచనివాళ్ళు ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. కుటుంబం వాళ్ళూ చేయొచ్చు.

జబ్బని తెలియగానే మా అమ్మ సున్నుండలు చుట్టించి పంపింది, కిలో నెయ్యితో. ప్రేమతోనే. కానీ చాలాకాలం మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే ప్రాణానికే ముప్పు. రెండో ప్రపంచ యుద్ధం చివర చెరల్లోంచి విడుదలైనవాళ్ళలో కొందరు కడుపునిండా తిన్నాక చనిపోయారు. పిండిపదార్థం అందగానే ఇన్సులిన్ లేస్తుంది. రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కుమ్మడిగా కణాల్లోకి వెళ్ళిపోతాయి. ఫాస్ఫేట్ లేక గుండె కండరం, ఊపిరి తీసే కండరం చచ్చుబడతాయి. అందుకే మొదటి రోజుల్లో థయమిన్ ఇచ్చి, రక్తపరీక్షలు చేస్తూ, డాక్టరు కనుసన్నల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. పిన్నిని అందుకే పదిరోజులు ఆసుపత్రిలో ఉంచారు. సున్నుండలు మేం తిన్నాం.

తర్వాత మనోవైద్యులు, పోషకాహార నిపుణురాలు, వారానికోసారి కౌన్సెలింగ్. మూడుపూటలా వేళకి తినడం, తిండి చుట్టూ అల్లుకున్న భయాల్ని ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టి పరీక్షించడం, ఇదే చికిత్సలో ముఖ్యభాగం. ఈ జబ్బుని నయం చేసే మాత్ర అంటూ ఏదీ లేదు. ఉపవాసాలు మానమన్నప్పుడు మాత్రం పిన్ని ఏడ్చింది. శివాలయంలో పూజారి గారే నచ్చజెప్పారు, ఒంట్లో బాగోలేనివాళ్ళకి శాస్త్రమే మినహాయింపు ఇచ్చిందని.

ఇన్నేళ్ళ జబ్బు పోతుందా అని బాబాయి డాక్టర్ని అడిగాడు. బోస్టన్‌లో ఎనొరెక్సియా ఉన్నవాళ్ళని దీర్ఘకాలం గమనించిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. తొమ్మిదేళ్ళ దగ్గర చూసినప్పుడు కోలుకున్నవాళ్ళు నూటికి 31 మందే. ఇరవై రెండేళ్ళ దగ్గర చూస్తే 63 మంది. తొమ్మిదేళ్ళకి బాగుపడనివాళ్ళని ఇక ఇంతేనని వదిలేసి ఉంటే వాళ్ళలో సగంమందిని పోగొట్టుకునేవాళ్ళం.

మొన్న సంక్రాంతికి మళ్ళీ తెనాలి వెళ్ళాను. శాలువా మంచం కోడుకి వేలాడుతోంది. పిన్ని వడ్డించింది. తర్వాత తన కంచం కూడా తెచ్చుకుని, మా వరుసలో చివర కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. చారన్నం కలిపింది. చెయ్యి కొంచెం వణికింది. నేను చూస్తున్నానని ఆమెకి తెలిసిపోయింది.

"నా కంచంలోకి చూడకే. నీది నువ్వు తిను" అంది.

సరేనని తల దించుకుని నా పప్పన్నం కలుపుకున్నాను.